అమ్మేవాడి మాట

అమ్మేవాడి మాట నమ్మవచ్చునా, కూడదా అన్న ప్రశ్నకి మా అమ్మమ్మ దగ్గర జవాబు అగ్గిపెట్టె రూపంలో ఉండేది.

పెద్దాపురంలో పుట్టి పెరిగినవాళ్ళకి పట్టు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. మా ఊరి మగ్గాల మీద నేసిన పట్టు పంచెలూ కండువాలూ ఎన్ని ఊళ్ళ పెళ్ళిపీటలు చూశాయో! అయినా సరే, ఎవరైనా పట్టు మూట తెచ్చి మా వసారాలో విప్పితే అమ్మమ్మ ముందు ధర అడిగేది కాదు. అగ్గిపెట్టె తెమ్మనేది. అంచున వేలాడే పోగొకటి తెంపి, వెలిగించి, వాసన చూసేది. వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడి అయిందా, అసలు పట్టు. కరిగి, గట్టి పూసలా మిగిలిందా, "బాబూ, మూట కట్టేసుకో" అనేది. మూట తెచ్చినాయనకీ కోపం వచ్చేది కాదు, ఆవిడకీ మొహమాటం ఉండేది కాదు. ఆ తర్వాత ఆయనకి మజ్జిగ కూడా ఇచ్చేది.

అంత చక్కటి పరీక్ష చేతిలో ఉంటే నమ్మకం గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. పరీక్ష లేనిచోటే వస్తుంది చిక్కంతా. నాకా చిక్కు మా కారు ఇంజనుకి పోసే నూనె దగ్గర వచ్చింది.

నవ్వకండి. నవలలు రాసుకునే ఆడదానికి ఇంజను నూనెతో ఏం పని అంటారేమో! మావారికి కారంటే ఎక్కి కూర్చునే వస్తువు. ఆయన ఉద్యోగం కాకినాడలో, రాకపోకలు రైల్లో. ఇక మా అత్తగారి మోకాళ్ళ వైద్యానికీ, పిల్లవాడి ట్యూషన్లకీ, సామర్లకోట స్టేషనుకీ తిరగవలసింది నేనే. నలభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకున్నాను. గేర్లు మార్చడం మూడు వారాల్లో వచ్చింది కాని, కారు గురించి మగవాళ్ళతో మాట్లాడటం మాత్రం మూడేళ్ళైనా రాలేదు.

ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే. "సారు రాలేదాండీ?" సారు వచ్చినా ఆయనకి తెలిసేది నాకు తెలిసినదానిలో సగమే. కాని చెప్పేదంతా ఆయన మొహం చూసే చెబుతారు. నేనేదైనా అడిగితే జవాబు కూడా ఆయనకే చెబుతారు! ఇటువంటి సమయంలో నా చేతికి ఒక నేస్తం దొరికింది. కారు తయారుచేసిన కంపెనీవారి వెబ్‌సైటు. కారు పేరూ, కొన్న సంవత్సరమూ కొడితే చాలు, ఏ నూనె పోయాలో, ఎన్నాళ్ళకి మార్చాలో చెప్పేస్తుంది. "సారు రాలేదా" అని అడగదు. తెలియని మాట అడిగితే పక్కవాడి వైపు చూసి నవ్వదు. ఆ మర్యాదకే నేను సగం లొంగిపోయాను. మర్యాదగా చెప్పినదంతా నిజమే అయి ఉంటుందనుకోవడం మన ఆడవాళ్ళకి కొత్త పొరపాటు కాదు గదా!

ఒకరోజు మావారిని స్టేషనులో దింపి వస్తూ, హారను మోగడం లేదని షెడ్డు దగ్గర ఆపాను. వారంటీ అయిపోయినప్పటి నుంచీ మా కారు బాగోగులన్నీ ఆ షెడ్డు మెకానిక్కు గారే చూస్తున్నారు. అరవై ఏళ్ళ మనిషి. ఆయన హారను సంగతి చూసి, పనిలో పనిగా ఇంజనులోంచి నూనె కొలిచే పుల్ల లాగి, మసిగుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి చూపించారు.

"ఆయిలు మార్చెయ్యాలండి అమ్మగారూ. చూడండి, బొగ్గయిపోయింది. అసలే దుమ్ము రోడ్లు."

కిందటిసారి మార్చి అయిదువేల కిలోమీటర్లే అయింది. నేను ఫోను తీశాను.

"కంపెనీవాళ్ళు పదివేల దాకా అక్కర్లేదంటున్నారండీ. మీరు సగానికే మార్చమంటున్నారు! పైగా మీరు డ్రమ్ములోంచి పోసే 20డబ్ల్యు-40 మా కారుకి పనికే రాదట. వాళ్ళు చెప్పింది 0డబ్ల్యు-20. కావాలంటే చూడండి."

మాట కంటే గొంతు కాస్త పెద్దదయింది కాబోలు, చక్రం విప్పుతున్న కుర్రాళ్ళిద్దరూ తలెత్తి చూశారు. మెకానిక్కు గారు ఫోను వైపు చూడలేదు. మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నారు.

"కంపెనీవాళ్ళు చదువుకున్నోళ్ళండి. ఆళ్ళకి తెలీదాండి!" అని బానెట్టు దింపేశారు. ఎంతివ్వాలని అడిగితే, "తీగ ఊడిందంతేనండి, డబ్బులేం వద్దండి" అన్నారు.

గెలిచినట్టే ఇంటికి వచ్చాను. కాని ఆ పుచ్చుకోని డబ్బు రాత్రిదాకా నా పర్సులో ముల్లులా గుచ్చుతూనే ఉంది. వంటిల్లు సర్దుకున్నాక, కొన్నప్పటి నుంచీ కారు అరలోనే పడి ఉన్న లావుపాటి పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. వెబ్‌సైటులో ఉన్నది దాని సారాంశం మాత్రమే. అసలు గ్రంథం ఇది. మనిషి తన పుస్తకం చదవలేదంటే మండిపడే రచయిత్రిని, కారు పుస్తకం అయిదేళ్ళుగా తెరవలేదు చూశారా!

నూనె నంబరు దగ్గర నా మాటే నిజం. అందులోనూ 0డబ్ల్యు-20 అనే ఉంది. మార్చే దూరం దగ్గరా పదివేలనే ఉంది, పెద్ద అక్షరాల్లో. ఆ అంకె పక్కన ఒక చుక్క. ఆ చుక్క పట్టుకుని మూడు పేజీలు తిప్పితే, అడుగున చిన్న అక్షరాల్లో ఉంది అసలు సంగతి. దుమ్ము ఎక్కువగా ఉన్న రోడ్ల మీద, విపరీతమైన ఎండలో, ఆగి ఆగి నడిచే రద్దీలో, తరచూ అయిదారు కిలోమీటర్లకి మించని చిన్న చిన్న ప్రయాణాలకి వాడితే, ఆ దూరాన్ని సగం చేసుకోమన్నారు.

మా ఇంటి నుంచి సామర్లకోట స్టేషను అయిదారు కిలోమీటర్లు. దారంతా లారీలు లేపే దుమ్ము. ఎండ సంగతి మీకు చెప్పేదేముంది! ఇంజను పూర్తిగా వేడెక్కేలోగా మా ప్రయాణం అయిపోతుంది. వేడెక్కని ఇంజనులో నీటి తేమా, కాలని పెట్రోలూ నూనెలోనే ఉండిపోయి దాన్ని పాడుచేస్తాయట. నూనె నల్లబడటం ఒక్కటే దానికి సాక్ష్యం కాదు. మురికిని తనలో పట్టి ఉంచడం మంచి నూనె చేసే పనే కనుక అది నల్లబడుతుంది. బొగ్గు సాక్ష్యం సరిపోకపోయినా, దుమ్ము రోడ్లన్న మాటా, సగం అన్న తీర్పూ ఆయనవి నూటికి నూరుపాళ్ళూ సరైనవి. కంపెనీవాళ్ళు చుక్క చాటున చెప్పింది ఆయన పుల్ల లాగి చూపించి మరీ చెప్పారు. నేను మటుకు కుర్రాళ్ళ ముందు ఆయన్ని మోసగాడిలా నిలబెట్టి వచ్చాను.

బి.ఏ.లో నాకు తత్త్వశాస్త్రం ఉండేది. పరీక్ష కాగానే మరిచిపోయిన పాఠం ఒకటి ఆ రాత్రి గుర్తుకు వచ్చింది. మన నైయాయికులు జ్ఞానం కలగడానికి నాలుగు దారులు చెప్పారు. కళ్ళారా చూడటం ప్రత్యక్షం. పొగని బట్టి నిప్పుందనుకోవడం అనుమానం. పోలికని బట్టి తెలుసుకోవడం ఉపమానం. నాలుగోది శబ్దం, అంటే ఆప్తుడి మాట. పోగు కాల్చి చూసిన మా అమ్మమ్మది మొదటి రెండు దారులూ. ఇంజను లోపల ఏం జరుగుతోందో నాకు కనిపించదు, కాల్చి చూసే వీలూ లేదు. కనుక నాకు మిగిలింది నాలుగో దారే.

మరి ఆప్తుడెవరు? మనం దగ్గరివాళ్ళని ఆప్తులంటాం. గౌతముడి న్యాయసూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడి లెక్క వేరు. విషయాన్ని స్వయంగా ఎరిగినవాడై, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనే కోరిక ఉన్నవాడు ఆప్తుడు. అటువంటివాడు ఋషి అయినా, ఆర్యుడైనా, మ్లేచ్ఛుడైనా ఒకటేనన్నాడాయన. చూశారా, చదువూ కులమూ బోర్డూ ఏమీ అడగలేదు. తెలిసి ఉండాలి, దాచకుండా చెప్పాలి. రెండే షరతులు.

ఈ రెండు షరతులూ పట్టుకుని మన కారు కంపెనీవారి దగ్గరికి వెళదాం. మొదటిదానికి తిరుగులేదు. ఇంజను కన్నవాళ్ళు వాళ్ళు. ఏ గొట్టం ఎంత సన్నమో, ఏ రెండు ఇనప ముక్కల మధ్య ఎంత సందు ఉందో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? చిక్కంతా రెండో షరతు దగ్గర. పదివేలన్న అంకె పెద్దగా, షరతులు చిన్నగా ఎందుకు వేశారు? కొనేవాళ్ళకి నిర్వహణ ఖర్చు తక్కువగా కనిపించాలని అనుకుంటే తప్పా? అలాగే పల్చటి నూనె. దాని వల్ల ఇంజనులో రాపిడికి పోయే శక్తి కాస్త మిగిలి పెట్రోలు ఆదా అవుతుంది. 2017 నుంచి మన దేశంలో, కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వాడకం ఒక హద్దు దాటకూడదని నియమం ఉంది. 2022లో దాన్ని ఇంకా బిగించారు. నూనె పల్చన చేయడంలో కంపెనీవారికి ఆ లాభమూ ఉంది. కొన్నిసార్లు ఒకే ఇంజనుకి ఒక దేశపు పుస్తకంలో ఒక్క నంబరే ఉంటుంది, మరో దేశపు పుస్తకంలో రెండు మూడు నంబర్లకి ఒప్పుకుంటారు. ఇంజను ఒకటే, చెప్పే మాటే మారుతుంది.

అయితే ఆ నంబరు అబద్ధమా? కాదు. ఇక్కడే మనం తొందరపడతాం. "వాడికి లాభం ఉంది గనక వాడిది అబద్ధం" అనేస్తాం. లేత వంకాయలని అరిచే కూరగాయలమ్మికీ లాభం ఉంది. అంతమాత్రాన వంకాయలు ముదిరిపోవు! పక్కింటాయనకి ఏ లాభమూ లేదు, "ఏ నూనైనా ఒకటేనమ్మా" అంటాడు. లాభం లేనంత మాత్రాన ఆయనకి తెలివి వచ్చిందా?

సరే, వాళ్ళు చెప్పిన నంబరు అంటే ఏమిటో కూడా చూద్దామని కూర్చున్నాను. మనకి తెలియనిది కాదు, పాకం సంగతే. వేడిమీద జారే బెల్లం పాకం చల్లారితే గరిటెకి అంటుకుపోతుంది గదా! నూనె కూడా అంతే. తొలిరోజుల్లో కొన్ని ఇంజన్లకి మన ఆముదం కూడా వాడేవారు. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డు అనే ఆయన కంపెనీ తమ నూనెలో ఆముదం కలిపి, కాస్టర్ అన్న మాటలోంచే కాస్ట్రాల్ అని పేరు పెట్టుకుంది. ఏది చిక్కన, ఏది పల్చన అని తలోమాటా చెప్పకుండా 1911లో అమెరికాలో ఎస్.ఏ.ఇ. అనే ఇంజనీర్ల సంఘం నంబర్లు కట్టడం మొదలుపెట్టింది. డబ్ల్యు అంటే వింటరు, చలికాలం. దాని ముందున్న అంకె చల్లగా ఉన్నప్పటి సంగతి, తర్వాతది నూరు డిగ్రీల వేడిలో సంగతి. అంకె పెరిగితే చిక్కదనం పెరుగుతుంది.

"మన పెద్దాపురంలో మంచు పడుతుందాండీ, ఆ సున్నాతో మనకేం పని?" అని మెకానిక్కు గారు ఇదివరలో ఒకసారి అన్నారు. ఆ మాటలో సబబు ఉంది. కాని రాత్రంతా నిలిపిన కారులో నూనె మన ఊళ్ళోనైనా చల్లారి చిక్కబడే ఉంటుంది. పొద్దున్నే తాళం తిప్పగానే అది సన్నటి దారుల్లోంచి పైకి పాకాలి. ఆయన చేయి తిరిగింది పాత ఇంజన్ల మీద, వాటికి డ్రమ్ములోని చిక్కటి నూనె చక్కగా సరిపోయేది. కొత్త ఇంజను సంగతిలో ఆయనకి రెండో షరతు ఉంది, మొదటిది తక్కువ. కంపెనీవారికి మొదటిది నిండుగా ఉంది, రెండోది చుక్క చాటున ఉంది.

ఆ తర్వాత నూనె తయారుచేసే కంపెనీల వెబ్‌సైట్లు కూడా చూశాను. అక్కడ ఇంకో తమాషా. మా కారు పేరు కొట్టగానే నేను చూసిన ప్రతివారూ తమ డబ్బాల్లో అన్నిటికన్నా ఖరీదైనదే ముందు చూపించారు! నేను మాటలు అమ్ముకుని బతికేదాన్ని కనుక మాటలే చూశాను. ఒక డబ్బా కింద "ఫలానా కారు కంపెనీ ఆమోదం పొందినది" అని ఉంది. ఇంకో డబ్బా కింద "ఫలానా కంపెనీ ప్రమాణాలకు తగినది" అని ఉంది. రెండూ ఒకటేననిపిస్తాయి. కాదు. మొదటిది కారు వాళ్ళు పరీక్షించి ఒప్పుకున్న మాట. రెండోది నూనె వాళ్ళు తమకి తాము ఇచ్చుకున్న సర్టిఫికెట్టు. "అమ్మాయిని చూసి వాళ్ళు ఒప్పుకున్నారు" అనడానికీ, "మా అమ్మాయి వాళ్ళకి తగినదే" అని మనమే అనుకోవడానికీ ఉన్నంత తేడా ఉంది. పెళ్ళిళ్ళు కుదిర్చినవాళ్ళకి ఇది విడమరచి చెప్పాలా!

అందుకే మధ్యలో మూడో మనిషి కావాలంటారు. పట్టుకి 2004లో సిల్క్ మార్కు వచ్చింది. బంగారానికి 2000 నుంచీ ఉన్న హాల్‌మార్కుని 2021లో చాలా జిల్లాల దుకాణాలకి తప్పనిసరి చేశారు. నూనె డబ్బా మీద ఏ.పి.ఐ. అని ఒక గుండ్రటి గుర్తు ఉంటుంది, అమెరికన్ పెట్రోలియం వారిది. పక్కన ఎస్.పి. వంటి రెండక్షరాలు ఆ నూనె తరగతి. ఎస్.పి. అన్నది 2020లో వచ్చిన తరగతి. అయితే ఆ ముద్ర నూనె మంచిదంటుంది గాని, మీ కారుకి సరిపడేది అనదు. బంగారం మంచిదైనా గాజు సైజు మన చేతికే చూసుకోవాలి గదా! ఆ సైజు చెప్పవలసింది మళ్ళీ కారు చేసినవాడే. తిరిగి తిరిగి అమ్మేవాడి మాట దగ్గరికే వచ్చాం.

ఇలా ఆలోచిస్తూ ఉంటే నాకు ఒక సంగతి తోచింది. ఆప్తుడనేవాడు నిలువెత్తు మనిషి కాడు. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్కరు ఆప్తులు. కంపెనీవారు నంబరు సంగతిలో ఆప్తులు. మార్చే దూరం సంగతిలో మా రోడ్లూ, మా ప్రయాణాలూ రోజూ చూసే మెకానిక్కు గారు ఆప్తులు. మనం మాత్రం ఒక విషయంలో నిజం చెప్పినవాడికి అన్ని విషయాలూ అప్పగించేస్తాం. ఒక విషయంలో పొరపడినవాడి దగ్గర అన్ని విషయాలూ లాగేసుకుంటాం. అదీ అన్యాయమే, ఇదీ అన్యాయమే. అత్తగారి వంట బాగుందని వైద్యం కూడా ఆవిడ చేతే చేయించుకుంటామా? వైద్యం తెలియదని వంటకి వంక పెడతామా? మనుషుల దగ్గర తెలిసిన ఈ వివేకం అచ్చులో మాట కనబడగానే ఎక్కడికి పోతుందో!

ఇంకొకటి. ఆ చుక్క చాటు మాట కంపెనీవారు దాచారనుకున్నాను గాని, నిజానికి రాశారు. చదవనిది నేను. నమ్మడమంటే చదివే శ్రమ తప్పించుకోవడం అనుకున్నాను. పూర్తిగా వినకుండా నమ్మితే, ఆ నమ్మకం ఎదుటివాడికి చేసే గౌరవం కూడా కాదు.

నాలుగు రోజుల తర్వాత, పుస్తకంలో ఉన్న నంబరూ ఆ గుండ్రటి గుర్తూ చూసి ఒక డబ్బా కొన్నాను. పుస్తకం కూడా పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. అదే కుర్రాళ్ళు ఉన్నారు. ఉండటమే మంచిదనుకున్నాను.

"ఆ రోజు నేను సగమే చదివి మాట్లాడానండి. అయిదువేలకి మార్చాలని మీరన్నదే సరి. ఇందులోనూ అలాగే ఉంది," అని గట్టిగానే చెప్పి, ఆ చిన్న అక్షరాలని తెలుగులో చదివి వినిపించాను.

ఆయన ఏమీ అనలేదు. కుర్రాడి వైపు తిరిగి, "ఒరేయ్, ఫిల్టరు కూడా తియ్యి" అన్నారు. డబ్బా మూత తీసి రెండు వేళ్ళ మధ్య చుక్క వేసుకుని రుద్ది చూశారు. "నీళ్ళలా ఉందండి. నాకైతే మనసొప్పట్లేదండి" అన్నారు. కాస్సేపాగి, "కొత్త బళ్ళకి లోపలి దారులు సన్నమేలెండి" అని తనే అన్నారు. ఒప్పుకున్నారో లేదో నాకిప్పటికీ తెలియదు. పోసింది మాత్రం ఆ నూనే.

పని అయ్యాక ఖాళీ డబ్బా బాగుంది గదా, పెరట్లో మొక్కలకి నీళ్ళు పోసుకోవచ్చునని చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. స్క్రూడ్రైవరు పెట్టి అడుగున రెండు బొక్కలు పొడిచారు. "మంచి డబ్బా బయటికెళ్తే అందులో పాత నూనె నింపి అమ్మేస్తారండి. మన చేతి నుంచి ఎల్లకూడదండి," అన్నారు. ఆ బొక్కల వల్ల ఆయనకి దమ్మిడీ లాభం లేదు, నాకూ లేదు. ఎక్కడో ఎవరో కారుకి మేలు. ఈ మనిషినేనా నేను పదివేలు, అయిదువేలని నిలదీసింది!

తర్వాత పుల్ల లాగి, రెండు గీతల మధ్య నూనె ఎంత ఉండాలో నాకు చూపించారు. నా మొహం చూసే చెప్పారు. సారు రాలేదా అని అడగలేదు.

మొన్న ఎదురింటి పిన్నిగారు వచ్చి, "నీకు కార్ల సంగతి బాగా తెలుసుటగా, మా అబ్బాయి కారుకి ఏ నూనె పోయించమంటావమ్మా?" అని అడిగారు. ఎంత సంతోషమేసిందనుకున్నారు! నోటిదాకా ఒక నంబరు వచ్చేసింది కూడాను. అతి కష్టం మీద మింగి, "నాకు మా కారు సంగతి ఒక్కటే తెలుసు పిన్నిగారూ. మీ కారు అరలో ఒక పుస్తకం ఉంటుంది, తెచ్చుకోండి. చిన్న అక్షరాలతో సహా కలిసి చదువుదాం," అన్నాను.

ఆవిడ కొంచెం నిరాశపడ్డారు. కాని ఆ ఒక్క జవాబు మటుకు ఆప్తవాక్యమేనని నా నమ్మకం.